రెండు ప్రశ్నలు అడిగాక ఏం చేస్తారు?

ఈ మధ్య లాసీ సర్వే నివేదికను మళ్ళీ తిరగేశాను. మన దేశంలో 45 ఏళ్లు దాటినవారి ఆరోగ్యం, సంపాదన, కుటుంబ పరిస్థితుల గురించి 2017-18లో మొదటి విడతగా 72,000 మందికి పైగా మనుషులను కలిసి చేసిన సర్వే అది. అందులోని రెండు అంకెలు నన్ను చాలా కాలంగా వదలడం లేదు. ప్రశ్నావళి ఆధారంగా చూస్తే 60 ఏళ్లు పైబడినవారిలో 8.3 శాతం మందికి డిప్రెషన్ ఉండవచ్చని తేలింది. తమకు డిప్రెషన్ ఉందని డాక్టరు చెప్పినట్టు అదే వయసువారిలో చెప్పుకున్నవారు 0.8 శాతం మాత్రమే. అంటే డిప్రెషన్‌తో ఉన్న పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది సంగతి ఏ డాక్టరు దృష్టికీ రాలేదన్నమాట. వాళ్లందరూ ఏదో ఒక ఇంట్లో, ఎవరో ఒకరి కళ్ల ముందే ఉన్నారు.

ఈ అంకెలు చూసిన ఎవరికైనా వెంటనే తోచే పరిష్కారం, అందరినీ అడిగి తెలుసుకోవడం. ఆ పని మొదలైంది కూడా. 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరి వివరాలతో ఆశా కార్యకర్తలు నింపే సీబ్యాక్ ఫారంలో పొగాకు అలవాటు, నడుము చుట్టుకొలత, క్షయ, క్యాన్సర్ లక్షణాల వంటి ప్రశ్నలతో పాటు మనసుకు సంబంధించినవి రెండున్నాయి. గడిచిన రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి, ఆనందం లేకుండా ఎన్ని రోజులు గడిచాయన్నది మొదటిది. దిగులుగా, నిరాశగా ఎన్ని రోజులు అనిపించిందన్నది రెండోది. వీటిని పీహెచ్‌క్యూ-2 అంటారు. ఒక్కో జవాబుకు సున్నా నుంచి మూడు దాకా మార్కులుంటాయి. సాధారణంగా రెండూ కలిపి మూడు, ఆపైన వస్తే తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9తో మరోసారి చూడాలి, ఆ తరవాత డాక్టరు నిర్ధారించాలి.

ఇలా అడగడాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. అయితే పెద్దవాళ్ల విషయంలో ఈ స్క్రీనింగ్ ఎంతవరకు పనికొస్తుందన్నది ప్రశ్నలు ఎంత గొప్పవన్న దాని మీద కంటే, జవాబు వచ్చాక వేసే రెండో అడుగు మీద ఎక్కువగా ఆధారపడుతుందని నా అభిప్రాయం. ఆ రెండో అడుగు మాత్రల చీటీ కాకూడదు. ఆ మనిషిని అక్కడిదాకా తెచ్చిన కారణాలను ఒక్కొక్కటిగా వెతకడం కావాలి. అడిగిన మనిషే మళ్ళీ రావాలి. ఈ రెండూ లేని చోట స్క్రీనింగ్ జరిగిందని లెక్కల్లో రాసుకోవడం సరికాదనేంత దూరం నేను వెళ్తాను.

ఎవరి ముందు అడుగుతున్నాం

మా పెద్దమ్మ పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక పల్లెలో ఉంటుంది. డెబ్బై దాటింది, పెదనాన్న పోయి చాలా ఏళ్లయింది. నేను వెళ్లినప్పుడు ఒకసారి ఆ ఊరి ఆశా కార్యకర్త వచ్చి ఆమె ఫారం నింపింది. ఓపికగా, మర్యాదగా అడిగింది, ఆమె తీరులో వంక పెట్టడానికి ఏమీ లేదు. "మామ్మగారూ, ఈ రెండు వారాల్లో ఏ పనీ చెయ్యాలనిపించకుండా ఎప్పుడైనా ఉందాండీ?" అని అడిగితే, మా పెద్దమ్మ ఒకసారి వంటింటి గుమ్మం వైపు చూసి, "నాకేమమ్మా, కొడుకూ కోడలూ బంగారంలా చూసుకుంటున్నారు" అంది. దిగులుగా ఉంటోందా అన్న రెండో ప్రశ్నకూ దాదాపు అదే జవాబు. రెండు సున్నాలు పడ్డాయి. మా వదిన టీ తెచ్చి ఇచ్చింది.

ఆ సాయంత్రం పెద్దమ్మ నాతో మాట్లాడుతుంటే ఆమె రామాలయంలో భజనకు వెళ్లడం మానేసి చాలా నెలలైందని, ఆవకాయ కలపడం కోడలికి వదిలేసిందని, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి పడుకునే ఉంటోందని మాటల మధ్య తెలిసింది. పొద్దున అడిగిన మొదటి ప్రశ్నకు అసలు జవాబు ఇది. కానీ ఆ ప్రశ్న ఆమెకు తన మనసు గురించి అడిగినట్టు వినిపించలేదు, తన ఇంటి పరువు గురించి అడిగినట్టు వినిపించింది. మన ఇళ్లలో పెద్దవాళ్లను "దిగులుగా ఉన్నారా" అని అడగడమంటే "మీ పిల్లలు సరిగ్గా చూడటం లేదా" అని అడగడమే. కోడలు వినేటంత దూరంలో ఉండగా ఏ అత్తగారూ దానికి అవునని చెప్పదు. కోడలు ఎంత మంచిదైతే అంత గట్టిగా కాదంటుంది.

ఇది పల్లెల సంగతే అనుకోనక్కరలేదు. టెక్సాస్‌లో ఉంటున్న ఒక స్నేహితుడు, ఆరు నెలల కోసం వచ్చిన తన తల్లిని మోకాళ్ల నొప్పులకు క్లినిక్‌కు తీసుకువెళ్లిన సంగతి చెప్పాడు. అక్కడ చాలా క్లినిక్‌లలో పీహెచ్‌క్యూ-9 మామూలు కాగితాల్లో ఒకటి. ఆమెకు ఇంగ్లీషు రాదు గనుక కొడుకే ఒక్కొక్క ప్రశ్నా తెలుగులో చెప్పి జవాబు రాశాడు. తొమ్మిదో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. చనిపోతే బాగుండుననిపించడం, తనకు తాను హాని చేసుకోవాలనిపించడం గురించి అడిగే ప్రశ్న అది. దాన్ని అమ్మను అడగలేక, అడక్కుండానే సున్నా చుట్టేశాడు. అతన్ని నేను తప్పు పట్టను. ఏ కొడుకు నోటికీ ఆ ప్రశ్న రాదు. ఆ పని కొడుకుకు అప్పగించిన పద్ధతిలోనే లోపముంది.

ఆ తొమ్మిదో ప్రశ్న గురించి కొంచెం ఆగి చెప్పాలి. "ఆ భగవంతుడు ఎప్పుడు తీసుకుపోతాడో" అనడం మన పెద్దవాళ్ల మాటల్లో ఎంత మామూలో అందరికీ తెలుసు. నిండు జీవితం గడిపినవాళ్లు తృప్తిగా అనే మాట అది. బతుకు మోయలేనంత బరువైపోయినవాళ్లూ అవే మాటలంటారు. రెండింటి తేడా ఫారం మీద గుర్తు పెడితే బయటపడేది కాదు. "పోవాలని ఉందా, పోయే దారి ఏమైనా ఆలోచించారా, మాత్రలేమైనా దాచిపెట్టారా" అని నెమ్మదిగా, పక్కన ఎవరూ లేనప్పుడు అడగాలి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది భయపడతారు గానీ, అడగడం వల్ల ఆత్మహత్య ఆలోచనలు పుట్టుకురావని పరిశోధనలు చూపిస్తూనే ఉన్నాయి. పురుగుమందు డబ్బా ఇంటి మూలనే ఉండే మన వ్యవసాయ కుటుంబాల్లో ఆ ఒక్క ప్రశ్న అడిగి, డబ్బాను తాళం వేసిన చోటుకి మార్పించడమే ఒక్కోసారి ప్రాణం నిలబెడుతుంది.

అడిగే ప్రశ్నలు పెద్దవాళ్లకు తగినవేనా అన్న సందేహం కూడా ఉంది. పీహెచ్‌క్యూ-9లో నిద్ర, నీరసం, ఆకలి గురించి మూడు ప్రశ్నలున్నాయి. షుగరు వల్ల రాత్రి పదే పదే లేచే మనిషికి, రక్తహీనతతో కాళ్లీడ్చే మనిషికి డిప్రెషన్ లేకపోయినా అక్కడ మార్కులు పడిపోతాయి. పేపరు చదవడం మీదో టీవీ చూడటం మీదో దృష్టి నిలవడం లేదా అన్న ప్రశ్న, శుక్లాలు ముదిరిన కళ్లకు వేరే సంగతి చెబుతుంది. ఈ చిక్కును ఎరిగే 1980ల మొదట్లో అమెరికాలో యెసావేజ్, ఆయన సహచరులు శరీర లక్షణాలను పక్కనపెట్టి, కేవలం అవును, కాదు జవాబులతో పెద్దవాళ్ల కోసం ప్రత్యేకంగా ఒక ప్రశ్నావళి తయారుచేశారు. జీడీఎస్ అనే ఆ ప్రశ్నావళిలో మొదట ముప్ఫై ప్రశ్నలుండేవి, తరవాత పదిహేనుకు కుదించారు. మనసు ఖాళీగా అనిపిస్తోందా, మీ పరిస్థితి మెరుగుపడే ఆశ లేదనిపిస్తోందా వంటివి అందులో ఉన్నాయి, నాకు అవి నచ్చాయి. కానీ బయటికి వెళ్లి కొత్త పనులు చేయడం కంటే ఇంట్లో ఉండటమే ఇష్టమా అన్న ప్రశ్న కూడా అందులో ఉంది. నడుము నొప్పితో, ఎండాకాలంలో, ఇంటి గడప దాటని మా ఊరి మామ్మలలో దానికి కాదని చెప్పేవారెవరు? ఏ ప్రశ్నావళి తెచ్చినా ఎక్కడో ఒకచోట ఇలా జారుతుంది. ఇంకా మంచి ప్రశ్నల కోసం వెతుకుతూ కూర్చోవడం వల్ల పెద్దగా లాభం లేదని నాకు అనిపించడానికి ఇదొక కారణం.

అసలు స్క్రీనింగే వద్దన్నవాళ్ల మాట

ఈ విషయంలో నిపుణుల మధ్య ఏకాభిప్రాయం లేదు. అమెరికాలో నివారణ సేవల మీద సలహాలిచ్చే కార్యదళం పెద్దవాళ్లతో సహా వయోజనులందరికీ డిప్రెషన్ స్క్రీనింగ్ చేయమని 2016లో చెప్పింది, 2023లో మళ్ళీ చెప్పింది. కెనడాలోని అలాంటి బృందమే 2013లో మామూలుగా అందరికీ చేయవద్దని చెప్పింది. బ్రిటన్ జాతీయ స్క్రీనింగ్ కమిటీ కూడా దీన్ని సిఫారసు చేయలేదు. వద్దన్నవాళ్లు మనసులేని మనుషులేమీ కాదు. వారి వాదన వెనక గట్టి లెక్క ఉంది. అది అర్థం చేసుకోకుండా దీని గురించి మాట్లాడకూడదు.

ఉదాహరణకు అరవై దాటిన వంద మందిని తీసుకుందాం. లాసీ చెప్పినట్టు అందులో ఎనిమిది మందికి నిజంగా డిప్రెషన్ ఉందనుకుందాం. మన ప్రశ్నలు జబ్బున్నవారిలో నూటికి 80 మందిని పట్టుకుంటాయని, లేనివారిలో నూటికి 80 మందిని సరిగ్గా వదిలేస్తాయని అనుకుందాం. అప్పుడు ఆ ఎనిమిది మందిలో ఆరుగురు దొరుకుతారు, ఇద్దరు జారిపోతారు. మిగిలిన 92 మందిలో దాదాపు 18 మందికి జబ్బు లేకపోయినా ఉన్నట్టు తేలుతుంది. అంటే గుర్తు పడ్డ 24 మందిలో ముప్పాతిక మందికి డిప్రెషన్ లేదు. వీళ్లందరికీ మాత్రలు మొదలుపెడితే ఏమవుతుంది? డిప్రెషన్ మందులు కొందరు పెద్దవాళ్లలో రక్తంలోని సోడియాన్ని తగ్గిస్తాయి, తల తిప్పుతాయి, పడిపోయే ప్రమాదాన్ని పెంచుతాయి. డెబ్బై అయిదేళ్ల మనిషి బాత్రూములో పడి తుంటి ఎముక విరిగితే ఆ ఇంటి పరిస్థితి ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు.

నేను ఈ లెక్కను ఒప్పుకుంటాను. అయితే ఈ లెక్కలో కనిపించకుండా ఒక ఊహ దాగి ఉంది. గుర్తు పడ్డవాళ్లందరికీ మాత్రలివ్వడమో, పెద్దాసుపత్రికి పంపడమో తప్ప వేరే దారి లేదన్న ఊహ అది. రెండో అడుగులో చేసేది వినికిడి చూడటం, కళ్లు చూడటం, వేసుకుంటున్న మాత్రలన్నీ ఒకచోట పోసి చూడటం, ఒంటరిగా కూర్చుని పావుగంట మాట్లాడటం అయితే, జబ్బు లేని ఆ పద్ధెనిమిది మందికి జరిగే నష్టమేమిటి? వాళ్లు ఊరికే గుర్తు పడలేదు. నిద్ర లేకపోవడమో, నొప్పో, భర్త పోయిన దుఃఖమో, ఏదో ఒకటి ఉండబట్టే ఆ ప్రశ్నల దగ్గర తడబడ్డారు.

ఈ పద్ధెనిమిది మంది వంటివారి మీదే గోవాలో ఒక పరిశోధన జరిగింది. డిప్రెషన్ నిర్ధారణ కాకపోయినా కొన్ని లక్షణాలున్న 181 మంది పెద్దవాళ్లను ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల ద్వారా గుర్తించి, సగం మందికి మామూలు వైద్యం, మిగతా సగానికి శిక్షణ పొందిన స్థానికుల సాయం అందించారు. సాయం చేసిన ఆ కార్యకర్తలు డాక్టర్లు కారు, సైకాలజీ డిగ్రీ ఉన్నవారూ కారు. సమస్యను విడగొట్టి ఒక్కొక్కటీ తేల్చుకోవడం నేర్పారు, నిద్ర సరిచేసుకునే పద్ధతులు చెప్పారు, షుగర్ వంటి జబ్బులను చూసుకోవడం వివరించారు, అవసరమైతే ప్రభుత్వ పథకాలకు దరఖాస్తు పెట్టించారు. ఏడాది తిరిగేసరికి మామూలు వైద్యం అందుకున్నవారిలో 14.4 శాతం మందికి డిప్రెషన్ వచ్చింది, సాయం అందుకున్నవారిలో 4.4 శాతానికే వచ్చింది. 2019లో వెలువడిన ఆ ఫలితాలు చిన్న అధ్యయనానివే, గోవా ఆరోగ్య వ్యవస్థ మనకంటే మెరుగైనదే, నిజమే. అయినా పింఛను కాగితం సరిచేయించడం కూడా డిప్రెషన్ నివారణలో భాగమని ఒక పరిశోధన ఒప్పుకోవడం నాకు చాలా విలువైన సంగతిగా కనిపించింది.

కారణాలు వెతకడమంటే

మా పెద్దమ్మ భజన ఎందుకు మానేసిందో ఆ తరవాత తెలిసింది. ఆమెకు చెవులు బాగా మందగించాయి. పక్కవాళ్లు ఒకటి అంటే ఆమె ఇంకొకటి వినడం, అందరూ నవ్వడం, ఇలా కొన్నిసార్లు జరిగాక వెళ్లాలనిపించలేదట. ఫోన్లో కూతురు మాట్లాడినా సగమే వినిపిస్తుంది గనుక "ఊఁ, ఊఁ" అని పెట్టేస్తుంది. దూరంగా ఉన్న కూతురు, అమ్మకు తనమీద మునుపటి ప్రేమ లేదనుకుంటోంది. ఇలాంటి స్థితిలో ఉన్న మనిషికి సహాయం కోసం 14416కు ఫోన్ చేయమంటే ఏం లాభం? ఆ నంబరు మీద ఫోన్లోనే మానసిక సాయం అందించే, 2022 అక్టోబరులో మొదలైన టెలిమానస్ మంచి సేవ, తెలుగులో మాట్లాడతారు, నేనూ పదిమందికి ఆ నంబరు ఇచ్చాను. కానీ వినపడని మనిషికి ముందు కావలసింది చెవి పరీక్ష.

ఇక్కడ నాకు బాధ కలిగించేది, సమాచారమంతా ఆ ఫారంలోనే ఉండటం. వినికిడి సరిగ్గా లేదా, చూపు మసకబారిందా, నిలబడినా నడిచినా తూలుతున్నారా, తినడానికీ బట్టలు కట్టుకోవడానికీ ఒకరి సాయం కావాలా, సొంతవాళ్ల పేర్లు మరిచిపోతున్నారా, ఇవన్నీ సీబ్యాక్‌లో అడుగుతారు. పెద్దవాళ్లలో డిప్రెషన్‌కు దారితీసే ముఖ్యమైన కారణాల్లో సగం ఈ ప్రశ్నల్లోనే ఉన్నాయి. కానీ వాటినీ మనసు గురించిన ఆ రెండు ప్రశ్నలనూ ఎవరూ కలిపి చదవరు. వినికిడి తగ్గిందని, నడక తూలుతోందని ఒకే కాగితం మీద కనిపిస్తుంటే, చివర రెండు సున్నాలు పడ్డాయి కదా అని ఆ కాగితాన్ని కట్టలో పెట్టేయడం ఎంత అన్యాయం! అలాంటి మనిషి సున్నాలను నమ్మకూడదు, ఒంటరిగా ఉన్నప్పుడు మరోసారి అడగాలి.

చూపు సంగతికి మన దగ్గరే ఆధారముంది. హైదరాబాద్ వృద్ధాశ్రమాల్లో ఉంటున్నవారి మీద ఎల్వీ ప్రసాద్ కంటి సంస్థ పరిశోధకులు చేసిన అధ్యయనంలో చూపు తగ్గినవారిలో డిప్రెషన్ లక్షణాలు ఎక్కువగా కనిపించాయి. ఇది చదివినప్పుడు నాకు కంటి వెలుగు గుర్తుకొచ్చింది. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైన ఆ శిబిరాలకు ముసలివాళ్లు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వరసల్లో నిలబడ్డారు. ఎవరూ బతిమాలి తీసుకురాలేదు. పరీక్ష చేసిన చోటే చాలామందికి దగ్గరి చూపు కళ్లద్దాలు చేతిలో పెట్టేవారు. అడిగినందుకు ఏదో ఒకటి దొరికింది. మనసు గురించి అడిగినప్పుడు పెద్దవాళ్లకు ఏం దొరుకుతోంది? పట్నంలో ఫలానా ఆసుపత్రికి వెళ్లమన్న ఒక చీటీ. మానసిక ఆసుపత్రులున్న హైదరాబాద్ ఎర్రగడ్డ అన్నా, విశాఖలో చినవాల్తేరు అన్నా జనం మనసులో ఏం మెదులుతుందో మనకు తెలుసు. అక్కడి డాక్టర్లు ఎంత మంచివారైనా ఆ పేరు వినగానే సగంమంది చీటీని దిండు కింద పెట్టేస్తారు.

మందుల విషయంలో మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కులున్నాయి. నిద్ర పట్టడం లేదంటే ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన అల్ప్రాజోలమ్ బిళ్లను ఏళ్ల తరబడి వేసుకునేవాళ్లను నేను ఎరుగుదును. తెలంగాణలో కొన్నిచోట్ల కల్తీ కల్లులో కలిపేది కూడా ఇదే మందు. దానికి అలవాటు పడ్డ పెద్దాయనకు ఒక్కసారిగా అది దొరక్కపోతే వణుకు, నిద్రలేమి, అయోమయం, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి. దొరుకుతూనే ఉంటే మతిమరుపు, మత్తు, తూలడం. రెండు స్థితుల్లోనూ ఆయన డిప్రెషన్ ప్రశ్నలకు తప్పక చిక్కుతాడు. కల్లు గురించి, నిద్రబిళ్ల గురించి అడక్కుండా ఆయనకు ఇంకో మాత్ర రాయడం ప్రమాదం. థైరాయిడ్ తగ్గడం, బీ12 లోపం కూడా అచ్చం డిప్రెషన్‌లానే కనిపించగలవు, మామూలు రక్తపరీక్షలతో తేలిపోతాయి.

ఇక పక్షవాతం వచ్చిన భర్తకు ఏళ్ల తరబడి సేవ చేసే భార్యలు ఉన్నారు. ఆసుపత్రికి వచ్చినప్పుడు అందరూ ఆయన్నే పలకరిస్తారు. ఆమెకు అరవై అయిదేళ్లని, రాత్రి రెండుసార్లు లేచి ఆయన్ను పక్కకు తిప్పుతోందని, తన బీపీ మాత్ర తాను వేసుకోవడం మరిచిపోతోందని ఎవరూ అడగరు. పక్షవాతం వచ్చినవారిలో డిప్రెషన్ ఎక్కువన్నది తెలిసిన విషయమే, వారిని తప్పకుండా అడగాలి. నా మటుకు నేను ఆ మంచం పక్కన నిలబడ్డ మనిషిని కూడా అడగమంటాను.

దుఃఖమూ జబ్బూ

నా వాదనకు ఎదురయ్యే ఒక ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోలేను. యాభై ఏళ్లు కలిసి బతికిన మనిషి పోతే దిగులు పడటం జబ్బా? పిల్లలు దూరదేశాల్లో ఉంటే, పండక్కి ఇల్లు బోసిగా ఉంటే బాధపడటానికి మార్కులు వేయాలా? మా నాన్నగారి స్నేహితుడు, రిటైరైన లెక్కల మాస్టారు, ఈ మాట నాతో చాలా గట్టిగా అన్నారు. ఆయన హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో పూర్తి ఆరోగ్య పరీక్షల ప్యాకేజీ చేయించుకున్నప్పుడు, రక్తం తీసే వరసలో నిలబడి ఉండగా ఒక కాగితం చేతికిచ్చి టిక్కులు పెట్టమన్నారట. "భార్య పోయిన సంగతి అందులో ఎక్కడా లేదు, నిద్ర పడుతోందా అని మాత్రం ఉంది. అన్నీ సున్నాలు పెట్టి ఇచ్చేశాను" అన్నారు.

ఆయన కోపం న్యాయమైనది. దుఃఖానికి మందు వేయకూడదు. దుఃఖంలో ఉన్న మనిషి మనవడి ఫోను రాగానే కాసేపు నవ్వగలుగుతాడు, పోయినవారి కబుర్లు చెప్పి తేలికపడతాడు. నెలలు గడిచినా ఏ కబురుకూ ముఖం తేరుకోకుండా, అన్నం సహించక, తాను అందరికీ భారమన్న మాటే పదే పదే వస్తుంటే అది వేరు. ఈ గీత ఎక్కడుందో ఒక్క పలకరింపులో నాకే కాదు, డాక్టరుకూ తెలియదు. రెండు వారాలకో మూడు వారాలకో మళ్ళీ చూస్తే తెలుస్తుంది. మళ్ళీ రావాలని నేను ఇంతగా పట్టుబట్టడానికి అసలు కారణం ఇదే. మొదటిసారి అడిగినప్పుడు మా పెద్దమ్మ పరువు అడ్డువచ్చింది, మాస్టారికి కోపం అడ్డువచ్చింది. రెండోసారి అదే మనిషి వచ్చి, "పోయినసారి మామ్మగారికి నిద్ర పట్టడం లేదన్నారు, ఇప్పుడెలా ఉంది?" అంటే జవాబు వేరుగా ఉంటుంది.

ఇంకో సంగతి కూడా స్పష్టంగా చెప్పాలి. మాటలూ కళ్లద్దాలూ అన్నిటికీ చాలవు. తిండి పూర్తిగా మానేసినవారికి, చనిపోయే ఏర్పాట్లు చేసుకుంటున్నవారికి, లేనిపోని పాపాలు తమవని నమ్ముతున్నవారికి ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుడు కావాలి, మందులు కావాలి. సరైన మోతాదులో చిన్నగా మొదలుపెట్టి పెంచితే పెద్దవాళ్లలోనూ మందులు బాగా పనిచేస్తాయి. వాళ్లను సీదాగా పెద్దాసుపత్రికి పంపాలంటే, మిగిలిన తేలికపాటివారితో ఆ ఆసుపత్రుల వరసలు నిండకుండా ఊళ్లోనే చూసుకోగలగాలి.

ఎవరు, ఎప్పుడు

ఇదంతా చేసేదెవరు అన్నప్పుడు అందరి చూపూ ఆశా కార్యకర్త మీదికే పోతుంది. గర్భిణులు, టీకాలు, క్షయ మందులు, జ్వరాల సర్వే, ఇప్పుడు మనసు. ఆమెకు ఇచ్చేది జీతం కూడా కాదు, పారితోషికం. ఆమె మీద మరో బరువు వేయమనడానికి నాకు మొహమాటంగానే ఉంది. అయితే ఆమె చేయగలదా అన్న సందేహం మాత్రం లేదు. మా పశ్చిమ గోదావరి పల్లెల్లోనే జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ వాళ్ల స్మార్ట్ మెంటల్ హెల్త్ ప్రాజెక్టులో ఆశా కార్యకర్తలు ట్యాబ్ పట్టుకుని డిప్రెషన్, ఆందోళన, ఆత్మహత్య ఆలోచనల గురించి ఇంటింటికీ వెళ్లి అడిగారు, పీహెచ్‌సీ డాక్టరుకు పంపారు, వెళ్లారో లేదో మళ్ళీ వచ్చి కనుక్కున్నారు. అంతకుముందు మానసిక సమస్యకు డాక్టరు గడప తొక్కనివాళ్లు తొక్కారు. అక్కడ ఉన్నదీ ఇప్పుడు లేనిదీ ఆ మళ్ళీ వచ్చి కనుక్కోవడమే. ఆమె చేస్తున్న రాతపనిలో కొంత తగ్గించి, ఈ రెండో రాకకు విడిగా డబ్బు లెక్కగట్టి ఇవ్వాలి. ఫారం నింపినందుకే డబ్బిస్తే ఫారాలే నిండుతాయి.

చెవి మిషన్లు, చేతికర్రలు, కళ్లద్దాలు, కట్టుడు పళ్ల కోసం కొత్త పథకమేదీ అక్కరలేదు. పేద వృద్ధుల కోసం 2017 ఏప్రిల్‌లో నెల్లూరులో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన ఇవన్నీ ఇస్తుంది. దాని శిబిరం ఎప్పుడో, ఏ కాగితాలు కావాలో పల్లెలో పెద్దవాళ్లకు చెప్పేవారు లేరు. చెవి వినపడటం లేదని ఫారంలో రాసిన ఆశా కార్యకర్త చేతిలోనే ఆ దరఖాస్తు కూడా ఉంటే చాలు.

నాతో మాట్లాడిన ఒక గ్రామ సచివాలయ ఉద్యోగి మంచి ఆలోచన చెప్పారు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి నెలా మొదటి తారీఖున పింఛను ఇంటికే తీసుకువెళ్లి ఇస్తున్నారు. ఊళ్లో పింఛను తీసుకునే ప్రతి ముసలమ్మనూ, ముసలాయననూ ప్రభుత్వ మనిషి ఒకరు తప్పకుండా కళ్లారా చూసే రోజు అది. ఆ రోజే ఈ రెండు ప్రశ్నలూ అడిగేస్తే సరిపోతుంది కదా అన్నారాయన. ఆలోచన బాగుంది గానీ, దీన్ని నేను ఒప్పుకోలేను. డబ్బు ఇచ్చే చేతిని చూస్తూ ఎవరూ తన బాధ చెప్పుకోరు. మతి స్థిమితం లేదని రాసుకుంటే పింఛను ఆపేస్తారన్న పుకారు ఒక్కటి పుడితే చాలు, ఊరంతా సున్నాలే. పింఛను పంచే మనిషి చూడవలసినవి వేరే ఉన్నాయి. పోయిన నెల గుమ్మం దాకా నడిచి వచ్చిన మనిషి ఈ నెల మంచం మీదే ఉందా, వేలిముద్రకు చెయ్యి చాపడానికి కూడా ఓపిక లేదా, ఇంట్లో పొయ్యి వెలిగినట్టుందా అన్నవి గమనించి, ఆ పేర్లు అదే సాయంత్రం ఊరి నర్సు ఏఎన్‌ఎంకు చెబితే చాలు. అడగడం ఆశా కార్యకర్తకే వదిలేయాలి. రెండో తారీఖునో మూడో తారీఖునో, మగవాళ్లు పొలాలకు, కోడళ్లు పనులకు వెళ్లాక మధ్యాహ్నం పూట ఆమె ఆ ఇళ్లకు వెళ్లాలి. నెల తిరిగి మళ్ళీ అదే తారీఖుల్లో ఆ ఇళ్లకే వెళ్లేలా ఆమె పని ఏర్పాటు చేయాలి.